చేతికి గుర్తున్న ఆట

టీవీ ఆటలో మారియో గొయ్యి దాటవలసి వచ్చినప్పుడల్లా ఆడుతున్న పిల్లవాడి చేతిలోని రిమోట్ కూడా అంతెత్తు లేచేది. రోడ్ ఫైటర్‌లో కారు కుడివైపు జరిగితే వాడి భుజాలు కుడికి ఒరిగేవి. ‘నువ్వు లేస్తే బొమ్మ లేస్తుందట్రా’ అని ఇంట్లో పెద్దవాళ్లు నవ్వేవారు. వాళ్లన్నది నిజమే, రిమోట్ ఎంత ఎత్తున ఉందో తెలుసుకునే ఏర్పాటు ఆ యంత్రంలో లేదు, బొటనవేలి కింద బటన్ అణిగిందా లేదా అన్న ఒక్క సంగతే దానికి చేరేది. అయినా 1990లలో అనంతపురంలోనో గుంటూరులోనో టీవీ ముందు చాప మీద కూర్చుని ఆడి, ఇవాళ బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్. పురం చుట్టుపక్కల సంసారాలు చేసుకుంటున్న తరానికి వీడియో గేమ్ అన్న మాట వినగానే ముందు గుర్తొచ్చేది ఆ ఒరగడమే. అదే మనుషులు ఇప్పుడు ఆదివారం పూట మాల్‌లోని వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కేంద్రంలో తలకు హెడ్‌సెట్ తగిలించుకుని, కాళ్ల కింద ఉన్నది నున్నటి గచ్చేనని తెలిసి కూడా, ఆకాశహర్మ్యం అంచున సన్నటి పలక మీద నిలబడ్డట్టు కనబడేసరికి అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నారు.

ఈ రెండు దృశ్యాల మధ్య నడిచిన ముప్పై ఏళ్ల కథను సాధారణంగా బొమ్మల నాణ్యత కథగా చెబుతారు. ముందు చుక్కలు, తరువాత చుక్కలతో చేసిన మనుషులు, ఆ తరువాత నిజమైన మనుషుల్లాంటి మనుషులు, చివరికి వాళ్ల మధ్యకే ఆడేవారిని తీసుకుపోయే హెడ్‌సెట్. ఆ కథ యంత్రాల చరిత్రకు సరిపోతుంది కానీ ఆనందానికి సరిపోదు. బొమ్మ నాణ్యతే ఆనందానికి కొలత అయితే నాలుగు చతురస్రాలను గిరగిర తిప్పి పేర్చే టెట్రిస్‌ను ఈపాటికి లోకం మరచిపోయి ఉండాలి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రాసిన ఆ ఆటను ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు. ఆట ఇచ్చే సంతోషం తెర మీది బొమ్మలో కంటే, శరీరం చేసిన చిన్న పనికి ఆ బొమ్మ ఇచ్చే జవాబులో ఎక్కువగా ఉంది. పాత ఆటల మీది మమకారానికీ, వీఆర్‌లో కలిగే గగుర్పాటుకూ మూలం ఆ జవాబే.

ఆ జవాబు ఎంత త్వరగా రావాలన్నదానికి లెక్క ఉంది. తెర సెకనుకు 60 సార్లు మారే ఆటలో ఒక్కొక్క చిత్రం నిలిచేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. బటన్ నొక్కిన తరువాత రెండు మూడు చిత్రాల లోపు మారియో నేల విడిస్తే ఆ గెంతు తనదేనని ఆడేవారికి అనిపిస్తుంది. పది పన్నెండు చిత్రాలు ఆలస్యమైతే, పిలిస్తే విసుక్కుంటూ లేచి వచ్చే నౌకరులా అనిపిస్తాడు. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థలో షిగెరు మియమోతో బృందం 1985లో తయారు చేసిన సూపర్ మారియో బ్రదర్స్ ఇప్పటికీ పాఠంగా నిలవడానికి కారణం ఆ గెంతులోని పొందికే. బటన్‌ను కొద్దిగా నొక్కితే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్ద గెంతు. గాలిలోకి లేచిన మనిషి నిజ జీవితంలో దారి మార్చుకోలేడు, మారియో మార్చుకోగలడు. భౌతిక శాస్త్రం ఒప్పుకోని ఈ వెసులుబాటును వేలు మాత్రం మొదటి నిమిషంలోనే ఒప్పుకుంటుంది.

ఇంతకూ ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటే దానికంటే పెద్దది. చోటు చాలక మేఘానికీ పొదకూ ఒకే బొమ్మను వాడి రంగు మాత్రం మార్చారు, తెలుపు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. సరుకులో ఇంత పొదుపు చేసినవారు గెంతులో మాత్రం పైసా మిగుల్చుకోలేదు.

ఈ మెళకువ తరువాతి కాలంలో ఇంకా సూక్ష్మమైంది. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే కొండ ఎక్కే ఆటలో, పాత్ర అంచు దాటి గాలిలోకి వెళ్లిన తరువాత కూడా రెప్పపాటు కాలం గెంతడానికి అనుమతి ఉంటుంది. ఆలస్యంగా నొక్కినా ఆట చూసీచూడనట్టు ఊరుకుంటుంది. ఆడేవారు మాత్రం తాము సరిగ్గా అంచు మీదే నొక్కామని నమ్ముతారు. తెలుగిళ్లలో చిన్నపిల్లలను ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకుని, దొరికినా దొరకనట్టే వదిలేసే అలవాటు ఉంది. ఆటల రూపకర్తలు చేసేదీ అదే, కాకపోతే అరటిపండ్లమన్న సంగతి మనకు చెప్పరు.

వేలికి జవాబు దొరకడం సగం సంగతి. ఆ జవాబు నమ్మదగినదై ఉండడం మిగతా సగం. వైకుంఠపాళిలో పాము మింగితే నింద గవ్వలది. పులిజూదంలో పులి కదలలేక చిక్కుబడితే నింద ఆడినవారిది. దుకాణాల్లో నాణెం వేసి ఆడిన తొలినాటి ఆర్కేడ్ ఆటలు పులిజూదం వంశానికి చెందినవి. 1980లో నామ్కో సంస్థ కోసం తోరు ఇవతాని రూపొందించిన ప్యాక్‌మ్యాన్‌లో నాలుగు దయ్యాలూ ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నట్టు కనిపిస్తాయి కానీ ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావం ఉంది. ఎర్రది నేరుగా వెంటబడుతుంది. గులాబీది ప్యాక్‌మ్యాన్ వెళ్తున్న దిక్కులో కొన్ని గళ్లు ముందుకు లెక్కవేసి దారి కాస్తుంది. నారింజ రంగుది దూరంగా ఉన్నంతసేపూ తరిమి, దగ్గరికి రాగానే ధైర్యం చాలక తన మూలకు మళ్లిపోతుంది. ఆడేవారు ఈ నియమాలను ఎక్కడా చదవరు. ఓడిపోతూ ఓడిపోతూ వాటి నడకను పట్టేస్తారు. ‘ఇది వస్తే అటు వెళ్లకూడదు’ అని మెదడు కంటే ముందు చేతికి తెలిసిపోయిన క్షణంలో పుట్టే సంతృప్తి లెక్క కుదిరినప్పుడు కలిగే సంతృప్తికి అక్క లాంటిది.

యంత్రం బలహీనతే వరమైన సందర్భాలూ ఉన్నాయి. తైతో సంస్థ 1978లో విడుదల చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో తోమొహిరో నిషికదో వరుసలు వరుసలుగా గ్రహాంతర జీవులను పేర్చాడు. అన్నిటినీ గీయడానికి ఆనాటి ప్రాసెసర్‌కు శక్తి చాలక అవి నెమ్మదిగా కదిలేవి. కాల్చేకొద్దీ గీయవలసినవి తగ్గి, మిగిలినవి వేగం పుంజుకునేవి. చివరికి మిగిలిన ఒక్కటి తెర మీద పిచ్చెత్తినట్టు పరుగెత్తేది. నిషికదో దీనిని లోపంగా సరిదిద్దకుండా అలాగే ఉంచాడు. గెలుపు దగ్గరపడుతున్నకొద్దీ గుండె వేగం పెరగాలన్న నియమం ఈ రంగంలో అలా, కొంత అదృష్టవశాత్తూ, స్థిరపడింది.

నైపుణ్యానికి కొంచెం మించిన సవాలు ఎదురుగా ఉండి, ప్రయత్నానికి వెంటనే ఫలితం తెలుస్తుంటే మనిషి కాలాన్ని మరచి పనిలో లీనమవుతాడని మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి 1970లలోనే వివరించాడు. శస్త్రవైద్యులు, పర్వతారోహకులు, చదరంగం ఆటగాళ్లు అతని ఉదాహరణలు. వీడియో గేమ్ ఆ లీనస్థితిని కొట్టు తెరిచి అమ్మింది. అందుకే అన్నం చల్లారిపోతోందని అమ్మ మూడుసార్లు పిలిచినా వినబడదు. దీనికి రసాయన సాక్ష్యం కూడా ఉంది: 1998లో లండన్ పరిశోధకులు ఎనిమిది మంది చేత ట్యాంకు నడిపే వీడియో ఆట ఆడించి, ఆ సమయంలో వారి మెదడులో డోపమైన్ విడుదల పెరిగినట్టు చూపించారు. ఆ ఫలితాన్ని పట్టుకుని ఆటలన్నీ మత్తుపదార్థాలేనని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. బహుమతి మీద ఆశ ఉన్న ప్రతి పనిలోనూ డోపమైన్ పాత్ర ఉంటుంది, ఆకలి వేళ పులిహోర వాసనలోనూ ఉంటుంది.

ఆనందం చేతిలోనే ఉందనుకున్నా, తెలుగు ఊళ్లలో ఆ చేయి ఒంటరిది కాదు. 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్ యంత్రానికి తైవాన్, హాంకాంగ్ వైపు నుంచి వచ్చిన చవక నకళ్లే ఇక్కడ ‘టీవీ గేమ్’ పేరుతో చలామణి అయ్యాయి. డబ్బా మీద ఏ పేరు ఉన్నా లోపల యంత్రం ఇంచుమించు ఒకటే. ఆటలుండే ప్లాస్టిక్ పెట్టెను క్యాసెట్ అనీ, చేతిలో పట్టుకునేదాన్ని రిమోట్ అనీ, మిగిలిన ప్రాణాలను లైఫులనీ పిలిచేవారు. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉన్నా లోపల ఉండేవి పదో ఇరవయ్యో. అవే ఆటలు వేరే స్టేజీ నుంచో వేరే రంగుతోనో మళ్లీ మళ్లీ వచ్చేవి. మొదటి పేజీ దాటి వెతికిన ప్రతి పిల్లవాడూ వ్యాపార నీతిలో తొలి పాఠం అక్కడే నేర్చుకున్నాడు. ఆట రాకపోతే క్యాసెట్ తీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ పెట్టేవారు. నిజానికి ఊదడం వల్ల లాభం లేదు, నోటి తడి లోహపు పళ్లను పాడుచేస్తుంది కూడా. తీసి పెట్టడంలో ఆ పళ్లు రుద్దుకుని శుభ్రపడటం వల్లే ఆట వచ్చేది. కానీ ఊదనిదే పని చేసిందని ఒప్పుకునే సాక్షి ఆ తరంలో ఒక్కరూ దొరకరు.

యంత్రం కొనలేనివారికి వేసవి సెలవుల్లో గంటకు ఇంత అని అద్దెకు ఆడించే దుకాణాలు ఉండేవి. గంటలో ఇద్దరు ఆడితే ఒక్కొక్కరికి సగం ఖర్చు, ముగ్గురు చుట్టూ నిలబడి సలహాలిస్తే వారికి అసలు ఖర్చే లేదు. అందుకే ఇద్దరు కలిసి ఆడే ఆటలకు అంత ఆదరణ. పిల్లలు ట్యాంకుల ఆట అని పిలుచుకున్న బ్యాటిల్ సిటీ 1985 నాటిది. ఇటుక గోడల మధ్య ఇద్దరూ కలిసి డేగ బొమ్మను కాపాడాలి. జోడీదారుడికి గుండు తగిలితే అతని ట్యాంకు చావదు, కొన్ని క్షణాలు కదలలేక బిగుసుకుపోతుంది. పొరపాటున డేగకే గుండు తగిలితే ఇద్దరి ఆటా అక్కడితో సరి. స్నేహాన్నీ ద్రోహాన్నీ ఒకే బటన్‌లో పెట్టిన ఈ ఏర్పాటు ఎన్ని ఇళ్లలో అన్నదమ్ముల తగవుగా మారిందో లెక్క తేలదు. కాంట్రా అనే తుపాకుల ఆటలోని జలపాతం స్టేజీ ఇంకా నిర్దయమైనది: ఒకడు తొందరపడి పైకి ఎక్కిపోతే తెర అతనితో పాటు పైకి జరిగి, కింద ఉండిపోయినవాడు చచ్చిపోతాడు. ‘ఆగరా, నేను రానీ’ అన్న అరుపు ఆ ఆట సంగీతంలో భాగమనే అనుకోవాలి.

తరువాతి దశలో చాప పోయి కుర్చీ వచ్చింది. ఇంజినీరింగ్ కళాశాలల హాస్టళ్లలో, బ్రౌజింగ్ సెంటర్లలో, బెంగళూరుకు కొత్తగా వచ్చినవారి పీజీలలో కౌంటర్ స్ట్రైక్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ నడిచాయి. 1999లో మరో ఆటకు ఇద్దరు కుర్రాళ్లు చేసిన మార్పుగా పుట్టిన కౌంటర్ స్ట్రైక్‌లో తెరలు వేరైనా గది ఒక్కటే. కాల్చినవాడి నవ్వు కాలినవాడికి గోడ అవతలి నుంచి నేరుగా వినిపించేది. మెజెస్టిక్ దగ్గరి నేషనల్ మార్కెట్‌లో సీడీలు, సదర్ పత్రప్ప రోడ్డులో ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు బేరమాడి కొనుక్కుని కంప్యూటర్‌ను తామే బిగించుకున్న ఉద్యోగులకు ఆట అంటే ఆ బేరం కూడా. చరవాణి ఆటల యుగానికి వస్తే, 1997లో నోకియా 6110 ఫోనుతో వచ్చిన పాము ఆట నుంచి బస్సులో, సిటీ ట్రాఫిక్‌లో ఆడుకునే నేటి ఆటల దాకా సౌకర్యం పెరిగింది, పక్కన కూర్చునే మనిషి తగ్గాడు.

ఈ జ్ఞాపకాలకు ఇంత బలం ఎందుకు? స్విట్జర్లాండ్‌లో యొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి 1688లో ‘నాస్టాల్జియా’ అన్న మాటను పుట్టించినప్పుడు అది ఇంటి మీద బెంగతో వచ్చే జబ్బు పేరు. ఇవాళ మనస్తత్వ శాస్త్రం దాన్ని జబ్బుగా చూడదు. పదేళ్ల వయసుకూ ముప్పై ఏళ్ల వయసుకూ మధ్య జరిగిన సంగతులే మిగతా జీవితంకంటే దట్టంగా గుర్తుండిపోతాయని పరిశోధనలు పదేపదే చూపాయి. ఆ వయసులో విన్న పాటలు, తిన్న తిండ్లు, ఆడిన ఆటలు జీవితాంతం ప్రమాణాలవుతాయి. ఆటల విషయంలో దీనికి మరో పొర ఉంది. పాటను చెవి గుర్తుపెట్టుకుంటుంది, ఆటను చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. సైకిల్ తొక్కడం మరచిపోని జ్ఞాపకం ఎక్కడ దాగుతుందో ఆటల జ్ఞాపకమూ అక్కడే దాగుతుంది. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ — కోనామి సంస్థలో కజుహిసా హాషిమొతో 1986లో మరో ఆటను తాను పరీక్షించుకోవడానికి పెట్టుకున్న ఈ రహస్య వరుసే కాంట్రాలో 30 లైఫులను ఇస్తుంది. నలభై దాటిన మనిషిని ఆ వరుస నోటితో చెప్పమంటే తడబడతాడు. చేతికి రిమోట్ ఇస్తే బొటనవేలు గడగడా అప్పజెప్పేస్తుంది.

అందుకే పాత ఆటను కొత్త టీవీలో ఆడినప్పుడు కలిగే చిన్న నిరాశకు కారణం ఎప్పుడూ వయసే కాదు. ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాములు పాత యంత్రాలను కొత్త కంప్యూటర్లలో అనుకరిస్తాయి. 1997లో మొదలైన మేమ్ (MAME) అనే ఎమ్యులేటర్ ఆర్కేడ్ ఆటలకు ఆ పని చేస్తోంది. బొమ్మ అక్షరాలా అదే వస్తుంది, ఆట మాత్రం అదే అనిపించదు. డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ల ధార గీత గీతగా తెరను వెలిగించేది, సంకేతం వచ్చిన క్షణానే చుక్క వెలిగేది. ఎల్‌ఈడీ టీవీలు చాలావరకు బొమ్మను ముందు నిలబెట్టి, సవరించి, మెరుగుపెట్టి ఆపై చూపిస్తాయి. ఆ సింగారానికి పట్టే పదుల మిల్లీసెకన్లు మారియో గెంతులో తేలతాయి. మంచి టీవీలలో ‘గేమ్ మోడ్’ చేసేది ఆ సింగారాన్ని మాన్పించడమే. పైగా ఆనాటి చిత్రకారులు చుక్కల అంచులు డబ్బా టీవీలో ఒకదానిలో ఒకటి కరిగిపోతాయని లెక్కవేసి గీశారు. కొత్త తెర ఆ అంచులను గాజు ముక్కల్లా పదునుగా చూపుతుంది.

బాతుల ఆట దగ్గర ఈ తేడా పూర్తిగా బయటపడుతుంది. డక్ హంట్‌లో తుపాకి తూటాను వదలదు, వెలుగును చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క చిత్రం పాటు నల్లబడుతుంది. మరుసటి చిత్రంలో బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. నలుపు తరువాత తెలుపును తుపాకి గొట్టంలోని సెన్సర్ సరైన క్షణంలో చూస్తే బాతు పడుతుంది. ట్యూబ్‌లైటుకు గురిపెట్టి మోసం చేద్దామనుకున్న పిల్లలకు ఆ నల్లటి చిత్రమే అడ్డు. ఎల్‌ఈడీ టీవీలో ఆ తెలుపు ఆలస్యంగా వస్తుంది, అప్పటికి తుపాకి చూడటం మానేసి ఉంటుంది. అటక మీది పెట్టెను దింపి, దుమ్ము తుడిచి, పిల్లలకు చూపిద్దామని కూర్చున్న తండ్రి గురి చెడిపోలేదు. చెడిపోయినదల్లా తుపాకికీ తెరకూ మధ్య ఉన్న ఒప్పందం.

ఈ ఒప్పందాలు తెగిపోవడం పెద్ద ఎత్తునే జరుగుతోంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు చట్టబద్ధంగా కొనుక్కోవడానికి దొరకవు. 2020 చివర ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆగిపోయినప్పుడు బ్రౌజర్‌లో ఆడుకున్న చిన్న ఆటలు వేలాదిగా మూగబోయాయి. వాటిని దాచి ఉంచినది ఎక్కువగా అభిమానులే. వాణిజ్యం ఈ మమకారాన్ని గమనించకపోలేదు. నింటెండో 2016లో తన పాత యంత్రాన్ని అరచేతిలో పట్టేంత చేసి 30 ఆటలతో విడుదల చేస్తే దుకాణాల్లో నిలవలేదు.

ఇక వీఆర్. దీన్ని నిన్నమొన్నటి వింతగా చూడటం అలవాటైంది కానీ, కప్పుకు బిగించిన మర చేతి నుంచి వేలాడే తొలి తల తెరను అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ 1968లోనే తయారు చేశాడు. మొదటి ప్రజాదరణ పొందిన ఆట పాంగ్ కంటే అది నాలుగేళ్లు పెద్దది. 1995లో నింటెండో తెచ్చిన వర్చువల్ బాయ్ ఎరుపు, నలుపు తప్ప మరో రంగు చూపలేక, మెడలు పట్టేయించి, ఏడాది తిరక్కుండానే అంగళ్ల నుంచి తప్పుకుంది. 2012లో పామర్ లకీ అనే యువకుడు తన సంస్థ ఓక్యులస్ వీఆర్ హెడ్‌సెట్ కోసం ప్రజల నుంచి సుమారు 24 లక్షల డాలర్లు సేకరించడం, 2014లో ఫేస్‌బుక్ ఆ సంస్థను 200 కోట్ల డాలర్లకు కొనడం, 2016లో ఇళ్లకు హెడ్‌సెట్లు రావడం తెలిసిన సంగతులే. ఈ పునర్జన్మకు అవసరమైన చిన్న, చవకైన తెరలూ కదలికను పసిగట్టే చిప్‌లూ స్మార్ట్‌ఫోన్ల పుణ్యమా అని దొరికాయి.

హెడ్‌సెట్ చేసే పని చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. రెండు కళ్లకూ కాస్త తేడా ఉన్న రెండు బొమ్మలు చూపి లోతు పుట్టించాలి; తల ఎటు తిరిగిందో కెమెరాలతో, కదలికను కొలిచే సెన్సర్లతో కనిపెట్టి, ఆ దిక్కున ఉండవలసిన దృశ్యాన్ని కొత్తగా గీయాలి. తల కదలికకూ దృశ్యం మారడానికీ మధ్య వ్యవధి 20 మిల్లీసెకన్లు దాటకూడదన్నది ఈ రంగంలో స్థిరపడిన మాట. మారియో గెంతు ఆలస్యమైతే కోపం వస్తుంది, ఇక్కడ ఆలస్యమైతే వాంతి వస్తుంది. బొటనవేలికి దొరికిన జవాబు ఇప్పుడు మెడకూ నడుముకూ దొరకాలి. వేలు క్షమించినంత సులువుగా లోపలి చెవి క్షమించదు.

ఘాట్ రోడ్డులో బస్సు ప్రయాణం పడని వారికి ఈ బాధ బాగా తెలుసు, కాకపోతే తిరగబడి ఉంటుంది. బస్సులో ఒళ్లు మలుపులు తిరుగుతుంది, కళ్లేమో ఎదుటి సీటునో చేతిలో పుస్తకాన్నో చూస్తూ ఏమీ కదలడం లేదంటాయి. వీఆర్‌లో కళ్లు పరుగెడుతున్నామంటాయి, లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ నిలబడే ఉన్నామంటుంది. రెండు సాక్ష్యాలూ పొసగక కడుపులో తిప్పుతుంది. అందుకే 2020లో వచ్చిన హాఫ్ లైఫ్: అలిక్స్ వంటి ఆటలు నడిచే బదులు కావలసిన చోటును చూపి అక్కడికి ఎగిరిపోయే వీలు కల్పించాయి. మరో చిక్కు కటకాలది: కొండ దూరంగా, కత్తి దగ్గరగా కనిపించినా కంటి కటకం సర్దుకోవలసిన దూరం మాత్రం అన్నిటికీ ఒక్కటే. అరగంటకే కళ్లు బరువెక్కడానికి ఇదీ ఒక కారణం.

ఇన్ని చిక్కులను దాటి వచ్చినప్పుడు దొరికేది మామూలు ఆనందం కాదు. మెల్ స్లేటర్ అనే పరిశోధకుడు 2009లో దాన్ని రెండు భ్రమలుగా విడదీశాడు: అక్కడే ఉన్నామన్న భ్రమ ఒకటి, అక్కడ జరుగుతున్నది నిజంగా జరుగుతోందన్న భ్రమ ఇంకొకటి. తెలివి రెండింటినీ నమ్మదు, ఒళ్లు నమ్ముతుంది. మాల్‌లో పలక మీద వణికే మోకాళ్లు తెలివితక్కువవి కావు. లోతు కనబడితే వెనక్కి తగ్గమని లక్షల ఏళ్లుగా నేర్చుకున్నవి. వీఆర్‌కు నిజమైన విజయాన్ని తెచ్చిన ఆట మాత్రం ఇలాంటి భయపెట్టే ఊహాలోకం కాదు. 2018లో ప్రాగ్ నగరం నుంచి వచ్చిన బీట్ సేబర్‌లో పాట లయకు తగ్గట్టు ఎర్రటి, నీలి ఘనాలు ఎదురొస్తాయి, బాణం గుర్తు చూపిన దిక్కుగా వాటిని రెండు చేతుల కత్తులతో నరకాలి. కథ లేదు, పాత్రలు లేవు, బొమ్మలు ప్యాక్‌మ్యాన్ అంత నిరాడంబరం. ఉన్నదల్లా చేతి ఊపుకు వెంటనే దొరికే జవాబు. రిమోట్‌ను మారియోతో పాటు పైకెత్తిన పిల్లవాడి కదలికను ఆనాటి యంత్రం పట్టించుకోలేదు. దాన్నే ఈ యంత్రం లెక్కలోకి తీసుకుంది.

ఈ ఆనందాన్ని తయారు చేసే చోట్లలో బెంగళూరు కూడా ఒకటన్న సంగతి నగరంలోనే చాలామందికి తెలియదు. 1997లో రాజేశ్ రావు ఇక్కడ నెలకొల్పిన ధ్రువ ఇంటరాక్టివ్ భారతదేశపు తొలి ఆటల తయారీ సంస్థల్లో ముఖ్యమైనది. విదేశీ సంస్థల భారీ ఆటలకు కార్లు, భవనాలు, వస్తువులు ఇక్కడి చిత్రకారులు తీర్చిదిద్దారు. 2019లో దాన్ని రాక్‌స్టార్ గేమ్స్ కొనుగోలు చేసి తన బెంగళూరు శాఖలో కలుపుకుంది. హాస్టల్ గదిలో రాక్‌స్టార్ వారి వైస్ సిటీ ఆడి పెరిగినవారు అదే సంస్థలో ఉద్యోగానికి చేరే వీలు అలా ఏర్పడింది. పరీక్షకులుగా చేరినవారికి ఆట అంటే ఒకే గోడను వంద కోణాల నుంచి గుద్ది చూడటం, అది కూలి పని వంటిదే.

అదే నగరంలో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2014లో ప్రారంభించిన షట్ క్లినిక్‌కు ఆట నుంచి బయటపడలేనివారు వస్తుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో గేమింగ్ రుగ్మతకు చోటు ఉంది. అయితే గంటల లెక్కతో దాన్ని నిర్ణయించరు, అదుపు తప్పి, చదువు, ఉద్యోగం, అనుబంధాలు దెబ్బతింటున్నా మానలేని స్థితి సాధారణంగా ఏడాది పాటు కొనసాగాలి. డబ్బు పందెం ఆటలను ఈ చర్చలోకి లాగడం సబబు కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా వాటిని పోటీగా ఆడే వీడియో ఆటలైన ఈ-స్పోర్ట్స్ నుంచి వేరుచేసి నిషేధించింది. పేకాటకూ కోతికొమ్మచ్చికీ ‘ఆట’ అన్న పేరు ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

వీఆర్ ఒక దిక్కు, పాత ఆటలు ఇంకో దిక్కు అన్న విభజన కూడా ఇప్పుడు సడలుతోంది. ఎమువీఆర్ అనే అభిమానుల ప్రోగ్రాములో హెడ్‌సెట్ పెట్టుకుంటే కనిపించేది అంతరిక్షమూ కాదు, ఆకాశహర్మ్యమూ కాదు. డబ్బా టీవీ ఉన్న పాతకాలపు పడకగది. చెయ్యి చాచి క్యాసెట్ తీసుకోవాలి, యంత్రంలో పెట్టాలి, నేల మీద కూర్చుని ఆడాలి. కళ్ల ముందు లక్షల చుక్కలను సెకనుకు 90 సార్లు మార్చగల యంత్రాన్ని, గీతలు కనిపించే వంకర గాజు తెరను అచ్చంగా దింపడానికి వాడుతున్నారు.

ఇంత ఏర్పాటు అక్కర్లేనివారికి సదర్ పత్రప్ప రోడ్డు దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ టీవీ వెనక గుచ్చుకునే గేమ్ స్టిక్ అనే చిన్న పుల్ల ఒకటి దొరుకుతోంది. డబ్బా మీద ఎప్పటిలాగే నమ్మలేని ఆటల సంఖ్య, లోపల ఎప్పటిలాగే కాంట్రా, ట్యాంకులు, మారియో. దానితో రెండు రిమోట్లు వస్తాయి. హెడ్‌సెట్ డబ్బాలోనూ రెండే వస్తాయి, అవి ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి.